మెట్ల కింద గొడుగుల కొట్టు

గొడుగుల కంపెనీలో పనిచేసేవాళ్ళు వాన పడితే ఎగిరి గంతేస్తారనుకుంటారు జనం. నాకు మాత్రం మబ్బు పడితే చాలు, ఒళ్ళు మండేది. నేను గొడుగులు తయారుచేసే చోట లేను, అమ్మే చోటా లేను. విరిగిన గొడుగులు పట్టుకుని జనం తిట్టడానికి వచ్చే చోట ఉన్నాను. షోరూమ్ వెనకవైపు ఒక అద్దాల కౌంటరు, దానికి 'వినియోగదారుల సేవ' అని ఒక బోర్డు. ఆ సేవ ఏమిటంటే వాళ్ళు చెప్పేది వినడం, గొడుగుని అటూ ఇటూ తిప్పి చూడటం, "గాలికి తిరగబడిందండీ, గ్యారంటీ వర్తించదు" అనడం. వానలు మొదలైన దగ్గర్నుంచి ఆగేదాకా ఆ మాట ఎన్నిసార్లు అనేదాన్నంటే, ఇంట్లో కూర మాడినా మా ఆయన "గాలికేనా" అని అడిగేవాడు.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. అంత ట్రాఫిక్‌లో పొద్దస్తమానం నలిగి వచ్చినా ఆయనకి కోపం రాదు. ఆయన వాటా కూడా నాకే ఇచ్చేశాడు దేవుడు. మా ఒక్కగానొక్క పిల్లకి ఆయన శాంతమూ రాలేదు, నా కోపమూ రాలేదు, నోరు వచ్చింది. దేనికైనా ఎందుకు అని అడుగుతుంది. చెబితే దాని మీద ఇంకోటి అడుగుతుంది. నాలుగేళ్ళప్పుడే ఇంటికి కరెంటు మీటరు చూడటానికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి, మా ఇంట్లో లైట్లు ఎన్నిసార్లు వేశామో నీకెలా తెలుసని నిలదీసింది. అప్పటినుంచీ వీధివీధంతా దాన్ని లాయరు అనే పిలిచేవాళ్ళు. ఇంట్లో మాకూ అదే అలవాటైపోయింది.

నేను చెబుతున్న వానాకాలానికి లాయరు తొమ్మిదో తరగతి రెండోసారి చదువుతోంది. లెక్కలూ సైన్సూ పోయాయి. తనతో చదివినవాళ్ళు పై తరగతికి వెళ్ళిపోతే, చిన్నపిల్లల మధ్య పొడుగ్గా కూర్చోవడం దానికి తలకొట్టేసినట్టుగా ఉండేది. బడి తెరిచే ముందురోజే చెప్పేసింది, ఈ ఏడు కూడా ఇలాగే ఉంటే మానేస్తానని. మానేసి ఏం వెలగబెడతావే అంటే, "ఏదో ఒకటి చేస్తా. ఊరికే కూర్చుని నల్లబల్ల వైపు చూడటం మాత్రం నా వల్ల కాదు" అంది. తిట్టాను. బతిమాలాను. కొన్నాళ్ళు మాట్లాడటం మానేశాను. అది వచ్చి మాట్లాడిస్తుంటే ఎన్నాళ్ళని మాట్లాడకుండా ఉండగలను? మా ఇద్దరి వైపూ పదో తరగతి గట్టెక్కినవాళ్ళు లేరు. ఇదొక్కతయినా చదువుకోవాలన్నదే నా ఆశ, నా మొండితనం కూడా. ఆ కాలమంతా నాకున్న బెంగ అదే.

సరిగ్గా అప్పుడే మా మేనేజరు నన్ను పిలిపించాడు. కంపెనీ, మా అమ్మాయి చదివే హైస్కూలు కలిసి మూడేళ్ళ కార్యక్రమం ఒకటి పెట్టుకున్నాయట. పిల్లలు చిన్న వ్యాపారం సొంతంగా నడపాలి, కంపెనీ పక్కనుండి నేర్పాలి. చదువు ముగిసేసరికి వాళ్ళకి ఉద్యోగం అంటే ఏమిటో, పని అంటే ఏమిటో తెలిసిపోవాలి. దీని పేరు 'భాగస్వామ్యం'. ఆ మాట అన్నప్పుడల్లా మేనేజరు రెండు చేతులూ కలిపి చూపించేవాడు. కంపెనీ తరఫున ఎవరో ఒకరు వారం వారం బడికి వెళ్ళిరావాలి. సేల్స్ వాళ్ళు సీజను అన్నారు, ఫ్యాక్టరీ వాళ్ళు ఆర్డర్లు అన్నారు, ఆఫీసువాళ్ళు మాట వినపడనట్టు కంప్యూటర్లలోకి చూశారు. మిగిలింది నేను.

"మీ అమ్మాయి అక్కడే కదండీ చదివేది. మీకైతే ఇంటికెళ్ళినట్టే ఉంటుంది" అన్నాడు మేనేజరు. కౌంటరులో నా తిట్లు ఎవరు తింటారని అడిగితే, వెళ్ళొచ్చాక తినొచ్చు అన్నట్టు నవ్వాడు.

బడివాళ్ళు మాకు ఇచ్చిన చోటు మెట్ల కింద. విరిగిన బెంచీలూ చీపుళ్ళూ పడేసే మూల. తొమ్మిదో తరగతిలో పాసు మార్కులు రానివాళ్ళని, క్లాసులో అల్లరి చేసేవాళ్ళని ఏరి ఈ కార్యక్రమంలో వేశారు. మంచి పిల్లలకి చదువు పాడవుతుందట. ఆ గుంపులో మా లాయరు ఉండటంలో వింతేమీ లేదు. దాన్ని అక్కడ చూడగానే నాకు మొహం చెల్లలేదు. అది మాత్రం నన్ను చూసి ఎవరో అధికారి వచ్చినట్టు లేచి నిలబడి, "నమస్కారమండీ" అంది. మిగతావాళ్ళు పకపకా నవ్వారు.

ఏం వ్యాపారం పెడతారని అడిగాను. ఒకరు చల్లటి పానీయాలన్నారు, ఒకరు పుట్టినరోజు కార్డులన్నారు. మా లాయరు చెయ్యెత్తి, మీది గొడుగుల కంపెనీ అయినప్పుడు మేం గొడుగులు బాగుచేసే కొట్టు ఎందుకు పెట్టకూడదు అని అడిగింది. వానాకాలం, అందరిదగ్గరా విరిగిన గొడుగులున్నాయి, బాగుచేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేరు. నాకూ సబబే అనిపించింది. మేనేజరుకి చెబితే ఫోనులోంచి తల ఎత్తకుండానే, "ఏదైతేనేమండీ, ఫొటోలు వచ్చేవారానికి కావాలి" అన్నాడు.

ఫ్యాక్టరీలో నాకు తెలిసిన ఫిట్టరుని కాళ్ళావేళ్ళా పడి పిలుచుకొచ్చి పిల్లలకి పని నేర్పించాను. ఊచ ఎలా వంచాలి, గుడ్డ ఊచకి ఎలా కుట్టాలి, బటన్ కింది స్ప్రింగు ఎలా మార్చాలి. చీపుళ్ళు తీసేసి, రెండు బెంచీలు కలిపి బల్ల చేసుకున్నారు. వానలు జోరందుకునే వేళకి కొట్టు తెరిచారు.

మొదట్లో టీచర్లు మొహమాటానికి తమ గొడుగులిచ్చారు. తర్వాత పిల్లల తల్లిదండ్రులు, ఆ తర్వాత వీధిలో పోయేవాళ్ళు. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి మెట్ల దగ్గర తడిసిన మనుషులు నిలబడి ఉండేవాళ్ళు. పట్టకార్లు పట్టుకుని కూర్చునేవాళ్ళు వేరే, బల్ల ముందు కూర్చునేది మా లాయరు. దానికి వేళ్ళు సరిగా తిరగవు, కుట్టమంటే తన జడనే కుట్టుకునే రకం. కానీ వచ్చినవాళ్ళతో మాట్లాడటానికి దాన్ని మించినవాళ్ళు లేరు.

ఒకసారి దానికి తెలియకుండా స్తంభం పక్కన నిలబడి చూశాను. ముసలాయన ఒకడు విరిగిన గొడుగు బల్ల మీద విసిరికొట్టి, ఏం కంపెనీయో ఏం గొడుగులో అని ఎగిరిపడుతున్నాడు. నా కౌంటరుకి అలాంటివాళ్ళు వస్తే నాకూ గొంతు లేస్తుంది, ఇద్దరం కాసేపు అరుచుకుంటాం. ఇది మాత్రం ఆయనకి బెంచీ చూపించి, "కూర్చోండి తాతగారూ. ఎలా విరిగింది, ఎక్కడున్నారు అప్పుడు, తెరుస్తుంటేనా మూస్తుంటేనా" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. బస్సు దిగుతూ తెరిచాడట, గాలి కూడా లేదట, టక్కున శబ్దం వచ్చిందట. చెబుతూ చెబుతూ చల్లబడిపోయాడు. వెళ్ళేటప్పుడు దాని తలమీద చెయ్యి వేసి వెళ్ళాడు. ఇన్నేళ్ళుగా నేను కూర్చుంటున్న కౌంటరులో అలాంటిది ఒక్కసారీ జరగలేదు. నాకు గర్వంగానూ ఉంది, ఎక్కడో గుచ్చుకున్నట్టూ ఉంది.

ఇంట్లో కూడా గాలి మారింది. పొద్దున్నే లేపితే ముసుగు తన్నే పిల్ల మాకంటే ముందు లేచి తల దువ్వుకునేది. కొట్టు తెరవాలంటే క్లాసులో హాజరు ఉండాలి కాబట్టి క్లాసులో కూర్చునేది. ప్లాస్టిక్ ఎందుకు పెళుసవుతుంది, ఇనుముకి ఎందుకు తుప్పు పడుతుంది అని సైన్సు టీచరు వెంటపడి అడిగేది. ఆవిడ ఒకరోజు బస్టాపులో నన్ను ఆపి, "మీ అమ్మాయి బుర్ర తినేస్తోందండీ" అని నవ్వుతూ చెప్పింది. బడి మానేసే మాట ఇంట్లో వినబడటం మానేసింది. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఎక్కడ గుర్తొస్తుందోనని భయం.

అలా ఉండగా ఒక వారం వెళ్ళేసరికి కొట్టు గోడకి తీగ ఒకటి కట్టి ఉంది, ఈ మూల నుంచి ఆ మూలకి. దానికి నల్లటి చిన్న చిన్న ముక్కలు గుచ్చారు, దండలాగా. దగ్గరికెళ్ళి చూశాను. గొడుగులో పొడుగు ఊచనీ పొట్టి ఊచనీ కలిపే ప్లాస్టిక్ కీళ్ళు. అన్నీ మా కంపెనీవే, అన్నీ ఒకే చోట విరిగినవే.

నాకు ఆ కీలు కొత్తేమీ కాదు. అంతకుముందు ఇనుపది ఉండేది. ప్లాస్టిక్‌కి మార్చిన ఏడాది నుంచే నా కౌంటరు ముందు వరస పెరిగింది. నేను మేనేజరుకి చెప్పాను. ఒకసారి కాదు, కనపడినప్పుడల్లా చెప్పాను. ఆయన చెప్పినప్పుడల్లా విన్నాడు, అంతే. చివరికి నాకే విసుగొచ్చి నోరుమూసుకున్నాను. జీతం తీసుకుంటున్నందుకు గాలిని తిడుతూ కూర్చున్నాను.

ఈ దండ ఎందుకని లాయరుని అడిగాను. కంపెనీ పెద్దాయన కొట్టు చూడటానికి వస్తున్నారు కదా, ఆయనకి ఇవ్వడానికట. ఏదైనా బహుమతి ఇవ్వాలని పిల్లలందరూ ఆలోచించి ఆలోచించి ఇది తేల్చారట.

"బహుమతా ఇది?"

"మరి? ఇంతమందిని అడిగి కనుక్కున్నాం. ఇదొక్కటి మార్చుకుంటే మీ గొడుగుకి తిరుగుండదు. భాగస్వాములం కదమ్మా, మేం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?"

భాగస్వామ్యం అంటే ఏమిటో ఆ పిల్లలకి ఎవరూ సరిగా చెప్పలేదు. మేనేజరు చేతులు కలిపి చూపిస్తే నిజమే అనుకున్నారు. వద్దు తీసెయ్యండని నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకని అడుగుతుంది, చెప్పాలి. పైగా నాలో కూడా ఒక మూల చిన్న ఆశ లేకపోలేదు. నేను చెబితే వినలేదు, పసిపిల్లలు అంతమంది ముందు చెబితే వింటారేమో. ఆ రాత్రి మా ఆయనతో అంటే ఆయన, "వింటారు. విని ఏం చేస్తారన్నదే తెలీదు" అన్నాడు. ఆయన మామూలుగా అంత పొడుగు మాట మాట్లాడడు.

పెద్దాయన వచ్చిన రోజు వాన కూడా మర్యాదగా ఆగింది. మెట్ల కింద కడిగి ముగ్గురు నలుగురు కూర్చునేలా కుర్చీలు వేశారు. హెడ్మిస్ట్రెస్ కొత్త చీరలో ఉంది. మేనేజరు, ఆయన వెనకాల ఫొటోగ్రాఫరు. నేను పిల్లల వైపు నిలబడాలో కంపెనీ వైపు నిలబడాలో తెలియక మధ్యలో స్తంభానికి ఆనుకున్నాను. పెద్దాయన మంచివాడిలాగే కనిపించాడు. పిల్లలని పేరుపేరునా పలకరించాడు, బాగుచేసిన గొడుగుని తెరిచి మూసి చూశాడు, పట్టకారు పట్టుకుని ఒక ఊచ కూడా వంచాడు. ఇలాంటి పిల్లలే రేపటి మన ఉద్యోగులు, యజమానులు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు మా లాయరు లేచింది. ముందే బట్టీపట్టినట్టుంది, గడగడా చెప్పింది.

"మీ గొడుగు మంచిదేనండీ. గుడ్డ చిరగట్లేదు, రంగు పోవట్లేదు. ఈ కీలు ఒక్కటే మోసం చేస్తోంది. గాలి లేకపోయినా విరుగుతోంది. మేం అందరినీ అడిగాం. ఇవన్నీ మీకోసమే దాచాం."

దండ చూపించింది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు. తర్వాత మేనేజరు వైపు చూశాడు. పిల్లలు కదా సార్, గొడుగుని గాలికి ఎదురుగా పట్టుకుంటే ఎవరిదైనా విరుగుతుంది అని ఏదో సర్దబోయాడు మేనేజరు. లాయరు ఊరుకుంటే దానికి ఆ పేరెందుకు వస్తుంది?

"మా అమ్మని అడగండి. అమ్మ కౌంటరుకి కూడా ఇవే వస్తాయి."

అందరూ నా వైపు తిరిగారు. పెద్దాయన చాలా మెల్లగా, "నిజమేనా అమ్మా" అని అడిగాడు.

"నిజమేనండీ. రోజూ చూస్తూనే ఉన్నాను" అన్నాను.

ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాను. ఏమీ పడలేదు. పెద్దాయన నవ్వి, ఎంత చక్కగా గమనించారో చూడండి అని హెడ్మిస్ట్రెస్‌తో అన్నాడు. లాయరు భుజం తట్టాడు. మళ్ళీ చప్పట్లు. మా పిల్ల నా వైపు చూసి కళ్ళెగరేసింది, చూశావా అన్నట్టు.

అందరినీ గోడ ముందు నిలబెట్టి ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూశాడు. ఒక్క నిమిషం అన్నాడు. వెనకాల ఆ నల్లటిది ఫొటోలో బాగా రావట్లేదు, కొంచెం తీస్తారా అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. మేనేజరు సంచిలోంచి కంపెనీ పేరున్న బ్యానరు తీశాడు. పెద్దాయన వేరే ఎటో చూస్తున్నాడు. పొడుగ్గా ఉన్నది మా అమ్మాయే కాబట్టి దాన్నే తియ్యమన్నారు. అది బెంచీ ఎక్కి తీగ విప్పింది, ఒక్క కీలూ కింద పడకుండా జాగ్రత్తగా చుట్టి, ఎవరికివ్వాలా అని చుట్టూ చూసింది. ఎవరూ చెయ్యి చాపలేదు. బల్ల కింద పెట్టింది.

ఆ తర్వాత అంతా మెత్తమెత్తగానే జరిగిపోయింది. అదే నాకు కడుపుమంట. ఎవరైనా కేకలేస్తే నేనూ వేసేదాన్ని. ముందు నన్ను కౌంటరు నుంచి ప్యాకింగుకి మార్చారు, పని ఒత్తిడి తగ్గించడానికి అన్నారు. తర్వాత మేనేజరు పిలిచి, భాగస్వామ్యంలో రెండో దశ మొదలవుతుందన్నాడు. పిల్లల చేతుల్లో పట్టకార్లూ ఊచలూ ప్రమాదం. అసలు బాగుచెయ్యడంలో కొత్తదనం ఏముంది, ఊహాశక్తి ఏముంది? ఇకనుంచి పిల్లలు తెల్లటి గొడుగుల మీద రంగులతో బొమ్మలు వెయ్యాలి, కంపెనీ వాటిని షోరూములో ప్రదర్శిస్తుంది. రంగులు, కుంచెలు అన్నీ పంపిస్తారు. పిల్లలకి చెప్పాల్సింది నేను.

నేను ఒంటికాలి మీద లేచాను. కొట్టు ఎంత బాగా నడుస్తోందో చెప్పాను. ఎంతమంది వస్తున్నారో చెప్పాను. చదువు మానేస్తామన్న పిల్లలు దానికోసం బడికి వస్తున్నారు, అందులో మా అమ్మాయి కూడా ఉంది, దాన్ని మూసేస్తే ఆ పిల్ల మళ్ళీ బడి గడప తొక్కదు అని చెప్పాను.

"మీరు తల్లిగా మాట్లాడుతున్నారు" అన్నాడు మేనేజరు.

"తల్లినే కదా మరి. అందుకే కదా నన్ను పంపింది" అన్నాను. ఆయన నీళ్ళు నమిలి, పైవాళ్ళ నిర్ణయమండీ అన్నాడు. పైకి వెళ్ళి మాట్లాడతానంటే, పైవాళ్ళు ఊళ్ళో లేరన్నాడు.

హెడ్మిస్ట్రెస్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, అంతా ఓపిగ్గా విని, తను చేయగలిగింది ఏమీ లేదని చెప్పింది. కంపెనీ లేకపోతే కార్యక్రమం లేదు, కార్యక్రమం లేకపోతే మెట్ల కింద కొట్టుకి అనుమతి లేదు. సైన్సు ల్యాబుకి వాళ్ళు కొత్త బల్లలు కూడా ఇస్తామన్నారట. "బొమ్మలు వెయ్యడం కూడా మంచిదే కదండీ, పిల్లలకి మనసు ప్రశాంతంగా ఉంటుంది" అంది. నా మనసు ఎలా ఉందో ఆవిడకి కనపడుతూనే ఉంది. అయినా చేతులు దులుపుకుంది. ఆవిడని అని ఏం లాభం? ఆ బడి ల్యాబులో సగం బల్లలు కాళ్ళు లేనివే.

పిల్లలకి చెప్పిన రోజు నాకింకా కళ్ళముందే ఉంది. బల్ల చుట్టూ నిలబడ్డారు. ఎవరిదో గొడుగు సగం విప్పి ఉంది. నేను మేనేజరు మాటలే చెప్పాను, రెండో దశ, ఊహాశక్తి, రంగులు. మాట మాటకీ నాకే అసహ్యం వేసింది. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మా లాయరు ఆ సగం విప్పిన గొడుగు వైపే చూసింది.

"మేం చెప్పింది తప్పా?" అని అడిగింది చివరికి.

"కాదు."

"మరి?"

చాలామందికి చాలా జవాబులు చెప్పిన దాన్ని నేను. అద్దం వెనక కూర్చుని పుట్టెడు జవాబులు చెప్పాను. అందులో ఒక్కటి కూడా నా కూతురికి చెప్పబుద్ధి కాలేదు. సగం విప్పిన ఆ గొడుగు పూర్తిచేసి ఇచ్చెయ్యండి, అదొక్కటీ ఎవరూ వద్దనరు అన్నాను. పూర్తిచేసి ఇచ్చారు. కొట్టు అక్కడితో ఆగింది.

ఇంటికొచ్చాక నేనే ముందు ఎత్తాను ఆ మాట. ఎలాగూ వస్తుంది, ఎదురుచూస్తూ చావడం ఎందుకని. నీకు ఇష్టం లేకపోతే మానెయ్యి, నేనేమీ అనను, నీ వెనక నిలబడతాను అన్నాను. మా ఆయన చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నా నోట ఆ మాట వస్తుందని ఆయన కలలో కూడా అనుకొని ఉండడు. లాయరు యూనిఫారం మడతపెడుతోంది.

"ఎందుకమ్మా మానెయ్యడం? కూర్చోవడమే కదా. కూర్చుంటాలే" అంది.

నాకు బోలెడు సంతోషం కలగాలి. మొక్కులు మొక్కుకున్నది దీనికే కదా. ఆ రాత్రి మా ఆయన హమ్మయ్య అనుకుంటూ పడుకున్నాడు. నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తేల్చుకోలేకపోయాను.

అది అన్నట్టే చేసింది. రోజూ బడికి వెళ్ళింది. కుంచె పట్టుకోమంటే పట్టుకుంది, పువ్వు వెయ్యమంటే పువ్వు వేసింది. దాని గొడుగు షోరూములో వేలాడదీశారు, బాగానే ఉంది, పక్కన గొడుగు మీద పువ్వులాగే ఉంది. క్లాసులో పాఠం చెబితే వింది, రాయమంటే రాసింది. వెంటపడటం మానేసింది. క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కలు గట్టెక్కాయి, సైన్సు గట్టెక్కింది. క్లాసు టీచరు మమ్మల్ని పిలిచి మరీ, పిల్ల దారిలో పడింది, ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చేస్తోంది అని మెచ్చుకుంది. సైన్సు టీచరు మాత్రం పక్కనే ఉండి తల దించుకుని పేపర్లు సర్దుకుంది. ఇంట్లో కరెంటు పోయినా, పాలు విరిగినా, బస్సులు సమ్మె చేసినా అది ఎందుకని అడగలేదు. చెబితే విని ఊఁ అనేది. నేను కావాలని తప్పులు చెప్పి చూశాను. తప్పుని కూడా ఊఁ అనేసింది. దాన్ని లాయరు అని పిలవబోయి నాలుక కరుచుకుంటున్నానని కొన్నాళ్ళకి తెలిసింది.

వానలు వెనక్కి తగ్గుతూ, పోతూ పోతూ ఒక సాయంత్రం గట్టిగా కురిశాయి. నేను ప్యాకింగు నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాను. పక్కింటావిడ తడిసి ముద్దయి మా గుమ్మంలో నిలబడింది. ఆవిడ చేతిలో గొడుగు రెక్క విరిగిన కాకిలా వేలాడుతోంది. ఆసుపత్రిలో ఉన్న చెల్లెలికి అన్నం పట్టుకెళ్ళాలట.

"ఏదీ మన లాయరు? ఒక్కసారి చూడు తల్లీ, టక్కుమంది, అంతే" అంది ఆవిడ.

మా అమ్మాయి పుస్తకం ముందు కూర్చుని ఉంది. తల తిప్పి గొడుగు వైపు ఒక్కసారి చూసింది. విరిగింది ఎక్కడో దానికి చూడగానే తెలుసు, నాకూ తెలుసు. ఎలా విరిగిందని అడుగుతుందేమో అనుకున్నాను. తువ్వాలు చేతిలో పట్టుకుని ఆ మాట కోసం అలాగే నిలబడ్డాను.

"కొత్తది కొనుక్కో పిన్నీ. నాకు రేపు పరీక్ష ఉంది" అంది.

కసురుకోలేదు. మర్యాదగానే చెప్పింది. చెప్పి పేజీ తిప్పుకుంది.

పక్కింటావిడ ఏమీ అనుకోలేదు. పైగా నా వైపు చూసి, గొంతు తగ్గించి, "ఎంత బుద్ధిగా తయారైందమ్మా నీ కూతురు. అదృష్టవంతురాలివి" అంది. నేను నా గొడుగు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ వెళ్ళాక విరిగిన గొడుగుని తీసుకెళ్ళి మా పిల్ల ముందు, దాని పుస్తకం మీదే పెట్టాను. అడగవే, ఒక్కసారి అడుగు అన్నాను. అది తల ఎత్తి నా మొహం చూసింది, గొడుగుని నెమ్మదిగా పక్కకి జరిపి, తడిసిన పేజీని తన చున్నీతో తుడుచుకుని, మళ్ళీ చదువుకోవడం మొదలుపెట్టింది.